చిగుళ్ల జబ్బు అనే మర్యాదస్తుడు

లోకంలోని జబ్బులన్నిటిలోకీ సంస్కారం ఉన్నది చిగుళ్ల జబ్బు ఒక్కటే! నవ్వకండి. పంటి పోటు ఎంత మొరటుదో మీకు తెలుసు. మీటింగులో ఉన్నామనైనా చూడకుండా దవడ పట్టుకుని కూర్చోబెడుతుంది. చిగుళ్ల జబ్బు అలా కాదు. వచ్చానని చెప్పదు, ఉన్నానని తెలియనివ్వదు. ఎప్పుడైనా బ్రష్షు మీద కాస్త ఎరుపు చూపిస్తుంది, అంతే!

నమ్మకం కుదరకపోతే మా బావగారి సంగతి వినండి.

ఆయన లిఫ్టు మెకానిక్. ఇరవై ఆరేళ్ల సర్వీసు. చప్పుడు విని, ఏ బేరింగులో గ్రీజు ఎండిందో చెప్పేస్తారు. నెలనెలా మోటారు గదిలోకి వెళ్లి, పళ్లచక్రాల సందుల్లో మురికిని పాత టూత్‌బ్రష్షుతో తోమి తోమి తీస్తారు. టూత్‌బ్రష్షుకు అంతకు మించిన సద్వినియోగం ఉంటుందని ఆయనెప్పుడూ అనుకోలేదు.

అలా ఉండగా ఆయన దవడ పన్నొకటి ఊగి ఊగి ఊడిపోయింది. పళ్ల డాక్టరమ్మ ఆ ఖాళీలో ఎముకలోకి టైటానియం స్క్రూ దించి, పైన కొత్త పన్ను బిగించింది.

"దీని చుట్టూ పాచి చేరనివ్వకండి. సందుల్లో ఈ చిన్న బ్రష్షుతో రోజూ తోమండి. ఆర్నెల్లకోసారి వచ్చి చూపించుకోండి," అంది.

బావగారు ఇంటికొచ్చి మా అక్కయ్యతో, "టైటానియమే! పుచ్చదు, తుప్పు పట్టదు. తోమడం దండగ," అన్నారు. చిన్న బ్రష్షు మోటారు గదికి బదిలీ అయింది. అక్కడ బ్రహ్మాండంగా పనిచేసింది!

మూడేళ్లు హాయిగా గడిచాయి. రక్తం కనిపించిన చోట బ్రష్షు పెట్టడం మానేశారు. రక్తం కనిపించడం మానేసింది. ఇంత సులువైన వైద్యం ఇంకెక్కడుంది?

ఒకరోజు నములుతుంటే స్క్రూ కదిలింది. నొప్పి మాత్రం లేదు. అక్కయ్య పట్టుబట్టి డాక్టరు దగ్గరికి లాక్కెళ్లింది.

"స్క్రూకేమీ కాలేదండీ, కొత్తదానిలా ఉంది," అంది డాక్టరమ్మ ఎక్స్‌రే చూపిస్తూ.

బావగారు "చూశావా!" అన్నట్టు అక్కయ్యవైపు తిరిగారు.

"మీరు లిఫ్టు మోటారును దేనికి బిగిస్తారు?" అని అడిగింది డాక్టరమ్మ.

"కాంక్రీటు దిమ్మెకి."

"ఆ దిమ్మె కరిగిపోతే?"

"అదెలా కరుగుతుందమ్మా?"

"పాచి పేరుకుంటే చిగురు వాస్తుంది. పట్టించుకోకపోతే కింద ఎముక కరుగుతుంది. మీ దవడలో జరిగిందదే. మీ నోటి వాసనకూ కారణం అదే. స్క్రూ తీసేయాలి. పక్కన రెండు పళ్లూ ఊగుతున్నాయి. వాటినైనా నిలబెట్టుకుందాం."

ఇన్నేళ్లలో ఒక్క లిఫ్టునూ పడనివ్వని మనిషి ఆ ఎక్స్‌రేని దగ్గరికి లాక్కుని దిమ్మె కోసం వెతికారు. "నొప్పి లేదు కదమ్మా..." అన్నారు చివరికి, ఆ తప్పేదో నొప్పిదే అన్నట్టు.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో అక్కయ్యను నెమ్మదిగా అడిగారు.

"ఏమే, నా నోరు వాసన కూడా వస్తోందిటగా. నిజమేనా?"

"ఆఁ."

"ఎన్నాళ్లనుంచి?"

"రెండేళ్లయ్యుంటుంది."

"మరి చెప్పలేదేం?"

"మీరు చిన్నబుచ్చుకుంటారని..."

మర్నాడే ఆయన ఇంకో చిన్న బ్రష్షు కొనుక్కొచ్చారు. ఇప్పుడు పూటకు పది నిమిషాలు అద్దం ముందు నిలబడి, సందు సందూ వెతికి తోముతున్నారు. పక్క పళ్లు రెండూ నిలిచాయి. స్క్రూ తీసిన చోటు ఖాళీగానే ఉంది.

చూశారా? జబ్బుదీ మర్యాదే, ఇంట్లోవాళ్లదీ మర్యాదే. మధ్యలో పోయింది ఎముక ఒక్కటే!

ఈ ముక్క రాస్తూ నేనూ మా ఆవిణ్ణి పిలిచి, నా నోరేమైనా వాసనొస్తోందా అని అడిగాను.

"అబ్బే, అదేం లేదండీ," అంది, గుమ్మం అవతలినుంచే.