తుపాకీకి ముందు బీరువా

ఆ శనివారానికి నవ్యశ్రీ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఇడ్లీ పెట్టి మొగుణ్ణి తుపాకీ కొనుక్కోవడానికి పంపాలి. మధ్యాహ్నం స్నేహితురాలు సంయుక్త వస్తే ఆమె నగలు ఆమెకిచ్చి, టీ పోసి, విమానానికి సాగనంపాలి. సాయంత్రం పాపకు తలంటు పోయాలి. ఇందులో కొంపలు మునిగేది ఏముంది?

మొగుడు విశ్వతేజకి జర్మనీలో, స్టుట్‌గార్ట్‌లో కార్ల విడిభాగాల కంపెనీలో ఉద్యోగం. కోడిగుడ్డు పేరు చెబితే ముక్కు మూసుకునే వంశం. అలాంటివాడు వేటగాడయ్యాడంటే ఆ పుణ్యం పైఅధికారి లిండ్నర్‌ది. ఒకరోజు క్యాంటీన్‌లో ఆయన, ఆకురాలే కాలంలో మా అడవిలో వేట పెడతాం, నువ్వూ రావాలి అన్నాడట. పెద్దాయన పిలిస్తే కాదనడం విశ్వతేజ ఇంటా వంటా లేదు. పైగా ప్రమోషన్లు ఆఫీసులో కాదు, అడవిలో ఇస్తారని ఎవరో చెప్పారు. వేటకు లైసెన్సు కావాలని, లైసెన్సుకు పరీక్ష రాయాలని తెలిసేసరికి విశ్వతేజ ముఖం వెలిగిపోయింది. పరీక్ష ఉందంటే ప్రశ్నల బ్యాంకు ఉంటుంది. బ్యాంకు ఉందంటే బట్టీ ఉంటుంది. పళ్లు చూసి అడవిపంది వయసు చెప్పడంతో మొదలుపెట్టి మొత్తం మింగేసి, చెక్కమీద అంటించిన కాగితం పందిని కాల్చి, మొదటి దెబ్బకే పాసయ్యాడు. నిజం పంది ఎదురొస్తే ఏం చేస్తావని మాత్రం వాళ్లు అడగలేదు.

ఇక మిగిలింది తుపాకీ. దాని బడ్జెట్ కోసం ఇండియా ప్రయాణం ఒకటి వాయిదా పడింది. పక్క వీధి శశికాంత్‌కి లైసెన్సూ లేదు, అడవి మొహమూ తెలియదు కాబట్టి సలహాలన్నీ అతనే ఇచ్చాడు. చిన్న గుండు నక్కకి, పెద్ద గుండు ఆఫ్రికా దున్నకి, మనలాంటి సంసారులకి మధ్యరకమే మేలన్నాడు. ఆ మధ్యరకంలో మళ్లీ మూడు నంబర్లు. 308కి గుండ్లు ఎక్కడైనా చవకగా దొరుకుతాయి. 30-06కి బలం ఎక్కువ, భుజానికి నొప్పీ ఎక్కువే. 8x57 ఇక్కడివాళ్ల తాతల నాటిది, సెకండ్ హ్యాండ్‌లో బేరం కుదురుతుంది. పైన బిగించే దూరదర్శిని తుపాకీతో సమానంగా ధర పలుకుతుందని తెలిసిన రోజున విశ్వతేజ అన్నం సరిగ్గా తినలేదు. పెళ్లిచూపుల్లో కూడా ఇంత ఆలోచించలేదు. అప్పుడు ఒక్కసారి చూసి ఊ అన్నాడు.

చట్టం ప్రకారం తుపాకీ కంటే ముందు దాన్ని దాచే ఇనప్పెట్టె ఇంటికి రావాలి. వచ్చింది. నలుగురు మనుషులు మూడంతస్తులు మోసి, ఆయాసంతో పడగ్గదిలో దించారు. దళసరి ఇనుము, నంబర్లు నొక్కితేగాని తెరుచుకోని తలుపు. నవ్యశ్రీ దాని చుట్టూ ఒక ప్రదక్షిణ చేసింది. ఆమెకు అది తుపాకీ పెట్టెలా కనబడలేదు, సాక్షాత్తూ బీరువాలా కనబడింది. జర్మనీ వచ్చిన దగ్గర్నుంచీ ఆమె బంగారం స్వెట్టర్ల మడతల్లో ఉంటోంది. కూరగాయలకు వెళ్లినా, పాపను కీటా అనే పిల్లల బడి నుంచి తేవడానికి వెళ్లినా సగం ప్రాణం ఆ స్వెట్టర్లలోనే. ఆ రోజే నగలన్నీ పెట్టెలోకి చేరాయి. వారం తిరక్కుండా సంయుక్తవీ, మరో స్నేహితురాలు హైమావతివీ, ఇంకా ఎవరెవరివో చేరాయి. తుపాకీ నిలబెట్టే చోట వెండి కంచాలు నిలబడ్డాయి. చదువు మధ్యలో ఆగిపోయిందని ఎవరూ లెక్కచేయని నవ్యశ్రీ దగ్గర, ఇప్పుడు పెద్ద చదువుల ఆడవాళ్లంతా బంగారం దాచుకుంటున్నారు. ఆ గౌరవం ఆమెకు భలే నచ్చింది, అంతకు రెట్టింపు భయమూ వేసింది.

నంబరు మామూలే, పాప రుచిత పుట్టినరోజు. పాప కూడా దాన్ని పాటలా పాడేది.

మధ్యాహ్నం సంయుక్త సూట్‌కేసుతో సహా దిగింది. ఎల్లుండి వరంగల్‌లో ఆమె తమ్ముడి పెళ్లి. నవ్యశ్రీ నవ్వుతూ నంబరు నొక్కింది. ఎర్ర దీపం వెలిగింది. మళ్లీ నొక్కింది. మళ్లీ ఎర్రదే. నవ్వు ముఖం మీదే ఉండిపోయింది. ఫోను అందుకుంది.

"ఏమండీ, బీరువా తెరుచుకోవట్లేదు. నంబరేమైనా మార్చారా?"

"పొద్దున మార్చాను. లైసెన్సున్నవాడికి తప్ప ఇంకెవరికీ తెలియకూడదు. చట్టం."

"లోపల తుపాకీ ఉందా?"

"లేదు."

"మరి?"

"ముందు నుంచీ అలవాటవ్వాలి కదా. నీకు అర్థం కాదులే."

ఆ మాట నవ్యశ్రీకి కొత్త కాదు. "నాకు కాకపోతే పోనీండి, ఈమెకు అర్థమయ్యేలా చెప్పండి," అని ఫోను సంయుక్త చేతిలో పెట్టింది.

"అన్నా, నా హారం లేకుంట పోతే మా అమ్మ నన్ను ఇంట్లకు రానియ్యదు. నీ చట్టం సంగతి జర ఆమెకు ఫోన్ చేసి చెప్తవా?"

అవతల చట్టం దిగొచ్చింది. నీరసంగా 308 అంకెల్ని రెండుసార్లు నొక్కమంది. నొక్కారు. ఎర్ర దీపం.

అప్పుడు బయటపడింది అసలు సంగతి. మర్చిపోకుండా ఉంటుందని, తనకు నచ్చిన తుపాకీ అంకెల్నే నంబరుగా పెట్టాడట.

"పొద్దున మీకు ఏది నచ్చింది?" అంది నవ్యశ్రీ.

"అదే గుర్తు రావట్లేదు. ఇక్కడికొచ్చాక ఇంకోటి నచ్చింది."

నవ్యశ్రీ పొద్దుటి నుంచి జరిగినదంతా తవ్వుకుంది. మొదటి వాయి ఇడ్లీ అప్పుడు 308 అన్నాడు. చట్నీ మారు వడ్డించేసరికి భుజం గట్టిదే కదా, 30-06 అన్నాడు. బూట్లు తొడుక్కుంటూ బడ్జెట్ గుర్తొచ్చి 8x57 అన్నాడు. పెట్టె దగ్గరికి ఎప్పుడు వెళ్లాడో ఆమె చూడలేదు. నాన్న ఏ నంబరు నొక్కాడమ్మా అని పాపనడిగితే అది బొమ్మ మీద నుంచి తలెత్తకుండా "వైస్ ఇష్ నిష్ట్" అంది. ఆ దేశపు భాషలో నాకు తెలియదనడం దానికి భలే సులువు. ఒక్కో తుపాకీనీ ఎన్ని రకాలుగా నొక్కవచ్చో అన్ని రకాలుగానూ నొక్కారు. చివరికి పెట్టెకి విసుగొచ్చి దీపం వెలిగించడం కూడా మానేసింది.

సంయుక్త మంచం మీద కూర్చుని గడియారం వైపూ సూట్‌కేసు వైపూ చూస్తోంది. నవ్యశ్రీకి మాత్రం ఊళ్లో ఉన్న తెలుగు వాట్సాప్ గ్రూపులన్నీ కళ్లముందు కదిలాయి. అన్నిట్లోనూ తన పేరే.

విశ్వతేజ శశికాంత్‌ని వెంటేసుకుని, తుపాకీ లేకుండా పరుగెత్తుకొచ్చాడు. వస్తూనే నాలుగో తుపాకీ అంకెలు నొక్కబోతే నవ్యశ్రీ చెయ్యి పట్టుకుని ఆపింది. పెట్టెను తలకిందులు చేస్తే ఏమైనా కదులుతుందేమో అన్నాడు శశికాంత్. నువ్వు ముందు కదులు అంది సంయుక్త.

తాళాలు తీసే మనిషిని పిలిచారు. శనివారం కాబట్టి అతను పెళ్లికొడుకులా బతిమాలించుకుని, పెళ్లికొడుకు రేటుకే వచ్చాడు. పెట్టెను చూడగానే వెనక్కి తగ్గి, లోపల ఆయుధం ఉందా అని అడిగాడు. నలుగురూ ఒక్కసారే లేదన్నారు. దాంతో అతనికి అనుమానం బలపడి లైసెన్సు చూపించమన్నాడు. ఆ కార్డును ఒక మనిషి అడగడం అదే మొదటిసారి. విశ్వతేజ అంత కష్టంలోనూ మురిసిపోతూ తీసిచ్చాడు.

డ్రిల్లు మర తిరిగింది. ఇనుపరజను పరుపు మీద రాలింది. తలుపు తెరుచుకుంది. కాసులపేర్లు, వడ్డాణాలు, గాజుల దొంతరలు, వెండి కంచాలు. ఆ మనిషి చాలాసేపు చూసి, మెల్లగా నవ్యశ్రీని అడిగాడు.

"మీ ఆయన ఏం వేటాడతాడు?"

సంయుక్త హారాన్ని కళ్లకద్దుకుని, అక్కా మళ్లొచ్చినంక మాట్లాడుతా అని పరుగెత్తింది. విమానం అందింది. మిగతావాళ్లు మాత్రం సాయంత్రానికల్లా ఒక్కొక్కరే వచ్చి, ఊరికే చూసిపోదామని వచ్చామంటూ తమ తమ బంగారం పట్టుకుపోయారు. గౌరవం ఎలా వచ్చిందో అలాగే మెట్లు దిగి వెళ్లింది. నవ్యశ్రీ తన నగల్ని తీసుకుని స్వెట్టర్ల దగ్గరికి నడిచింది.

తుపాకీ బడ్జెట్‌లో సగానికిపైగా ఆ మర మింగేసింది. రంధ్రం పడ్డ పెట్టెలో తుపాకీ ఉంచడానికి చట్టమూ ఒప్పుకోదు. సోమవారం విశ్వతేజ తలవంచుకుని లిండ్నర్ ముందు నిలబడి, ఈ ఏడాది తుపాకీ కొనలేకపోయానని విన్నవించుకున్నాడు. ఆయన ఆశ్చర్యపోయాడు.

"తుపాకీ ఎవరడిగారు? కాల్చేవాళ్లు మాకు బోలెడుమంది. అరుస్తూ పొదల్లో నడిచి పందుల్ని బయటికి తోలేవాళ్లు దొరకడం లేదు. నిన్ను పిలిచింది దానికి."

దానికి పరీక్ష ఉందా అని అడిగాడు విశ్వతేజ. లేదట. నారింజరంగు చొక్కా ఒకటి ఉంటే చాలట. మిగిలిన బడ్జెట్‌కి అది చక్కగా అమిరింది.

ఆ పెట్టెను మళ్లీ మూడంతస్తులు దింపడానికి ఎవరూ ఒప్పుకోకపోవడంతో నవ్యశ్రీ అందులో సోనామసూరి బస్తాలు పెట్టుకుంది. అడవిపందుల వల్ల ఆ బియ్యానికి ఇంతవరకూ ఎలాంటి ప్రమాదమూ రాలేదు.