పొట్టేలు ఒప్పుకున్న రోజు

ఆ ఉదయం ఈశ్వరప్ప వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదింటికి పొట్టేలుకు స్నానం, పదింటికి తాజా వీర్యం సేకరణ, పదకొండింటికి హైదరాబాదు ఆఫీసరు రాక. బత్తలపల్లె బయట ఉన్న గొర్రెల కేంద్రంలో అతను పశువుల డాక్టరు. రెండేళ్ళుగా పొట్టేలు వీర్యాన్ని గడ్డకట్టించి, పొగలు కక్కే చల్లటి నత్రజని డబ్బాలో దాస్తున్నాడు. కరిగించాక నూటికి యాభై కణాలైనా ఈదితే కేంద్రం ఉంటుంది. లేకపోతే మూత, అతనికి బదిలీ. కాపురం పెట్టి మూడు నెలలే అయింది. క్వార్టరు కిటికీకి భార్య లక్ష్మీనరసమ్మ పచ్చ కర్టెన్ కట్టి సరిగ్గా వారం.

గడ్డకట్టి కరిగేలోగా ఆక్సిజన్ వల్ల కణాలకు తుప్పులాంటిది పడుతుందనీ, గుడ్డుసొన ద్రావణంలో విటమిన్ సి, ఇ కలిపితే అది తగ్గుతుందనీ అతను పెళ్ళయిన మూడోరోజే భార్యకు చెప్పాడు. బీయస్సీ చదివిన లక్ష్మీనరసమ్మ, "కోసిన వంకాయ నల్లబడకుండా నిమ్మరసం పిండినట్టే కదండీ" అంది. ఆ మాటకు అతను రెండోసారి పెళ్ళయినంత సంబరపడ్డాడు.

ఆఫీసరు వస్తున్నాడు కదా అని ఆమె తెల్లారగానే పొట్టేలును ముస్తాబు చేసింది. కొమ్ములకు పసుపు, నుదుట కుంకుమ, మెడలో బంతిపూల దండ. స్నానం చేయించాల్సిన నౌకరు కుళ్ళాయప్పకు ఆ దండ తీయడానికి మనసు రాలేదు. అలాగే వీపు మీద బకెట్టు నీళ్ళు గుమ్మరించాడు. పొట్టేలు కొమ్ముల నుంచి తోక దాకా ఒళ్ళు విదిలించింది.

గొర్రెలు తోలుకుని వచ్చిన తిప్పమ్మ కంచె అవతల నుంచి ఇదంతా చూసింది. ఆ ప్రాంతంలో అమ్మవారికి పొట్టేలును బలి ఇవ్వాలంటే పసుపు కుంకుమలు పెట్టి నీళ్ళు చల్లుతారు. అది ఒళ్ళు విదిలిస్తే ఒప్పుకున్నట్టు. ఒప్పుకున్న జీవాన్ని వదిలేస్తే అమ్మవారు వాన ఆపేస్తుంది. అప్పటికే వాన మొహం చూసి రెండేళ్ళు. తిప్పమ్మ గొర్రెలను అక్కడే వదిలి ఊళ్ళోకి పరుగెత్తింది.

పది కాకముందే పలక డప్పులు మోగుతూ వచ్చాయి. వాటి వెనక కత్తి, కత్తి వెనక వంటగిన్నెలు. కొందరు ఆడవాళ్ళు మసాలా నూరుకునే వచ్చారు. ఆ మోతకు బెదిరిన పొట్టేలు వీర్యం మాట అటుంచి గడ్డి కూడా ముట్టలేదు. ఇది సర్కారు సొత్తని ఈశ్వరప్ప బతిమాలాడు, కేసులవుతాయని బెదిరించాడు. ఊరిపెద్ద ముత్యాలప్ప అంతా శాంతంగా విన్నాడు.

"సర్కారు ఎప్పుడన్నా వాన కురిపించిందా డాక్టరప్పా?"

దండ వేసిన పాపానికి లక్ష్మీనరసమ్మే ముందుకొచ్చింది.

"పెద్దాయనా, ఎవరన్నా మొక్కు చెప్పినారా? మొక్కు చెప్పకుండా నీళ్ళు పోస్తే అది స్నానం. అడిగినట్టు యాడైతాది?"

ముత్యాలప్ప గడ్డం గోక్కున్నాడు. మాట న్యాయంగానే ఉంది.

"నిజమేనమ్మా. అట్లయితే ఇప్పుడు చెప్పి అడుగుదాం."

ఆమె ఇది ఊహించలేదు. తడిస్తే విదిలించని పొట్టేలు లోకంలో లేదు.

వేపకొమ్మ, కుండలో నీళ్ళు తెచ్చేలోగా జీపు వచ్చింది. జనాన్నీ పలకలనూ చూసి, అదంతా తన కోసమే అనుకుని ఆఫీసరు పొంగిపోయాడు. ఆ పొంగు ఒక నిమిషమే. తాజా వీర్యం లేదని తెలిసి, కరిగించిన దాంతో పోల్చి చూడ్డానికి తాజాది లేని కేంద్రాన్ని నెలాఖరుకు మూసేద్దామన్నాడు. కనీసం పొట్టేలునైనా చూస్తానంటూ జనాన్ని తోసుకుని వెళ్ళి, దాని మీదికి పూర్తిగా వంగి, పక్కటెముకలు తడమసాగాడు.

ముత్యాలప్ప అప్పటికే కళ్ళు మూసుకుని ఉన్నాడు.

"అమ్మా, వాన కోసరం ఈ జీవాన్ని ఇస్తాండాం. నీకు ఇష్టమైతే ఒళ్ళు విదిలించల్ల" అని కొమ్మను కుండలో ముంచి బలంగా విసిరాడు.

పుష్యమాసపు చన్నీళ్ళన్నీ ఆఫీసరు బట్టతల మీద పడి చొక్కాలోకి దిగాయి. ఆయన కింద ఉన్న పొట్టేలు మీద చుక్క పడలేదు. అది రాయిలా నిలబడింది. ఆఫీసరు మాత్రం తల నుంచి బూట్ల దాకా ఒళ్ళు విదిలించాడు.

పలకలు ఆగిపోయాయి. అందరూ ఆఫీసరును చూశారు. కత్తి పట్టుకున్నవాడు ముత్యాలప్పను చూశాడు. ఎందుకలా చూస్తున్నారని ఆఫీసరు కుళ్ళాయప్పను మెల్లగా అడిగాడు. కుళ్ళాయప్ప ఆచారమంతా దాచకుండా చెప్పి, చివర ధైర్యం కూడా చెప్పాడు.

"ఏం లేదు సార్. తమరు ఒప్పుకునిండారు, అంతే."

ఆఫీసరు ప్రయోగశాలలోకి నడిచిన నడక పరుగుకు కొంచెమే తక్కువ. డాక్టరూ భార్యా వెనకాలే రాగానే తలుపు గడియ ఆయనే పెట్టాడు. లక్ష్మీనరసమ్మ డబ్బాలోంచి తీసిన రెండు సన్నటి వీర్యపు గొట్టాలను గోరువెచ్చని నీళ్ళలో కరిగించింది. ఈశ్వరప్ప సూక్ష్మదర్శిని సరిచేశాడు. విటమిన్ కలపని దాంట్లో నూటికి ముప్పై ఈదుతున్నాయి. కలిపిన దాంట్లో యాభై రెండు.

బయట పలకలు మళ్ళీ మోగాయి. పొట్టేలు ఒప్పుకోలేదు పదండి అంటూ ముత్యాలప్ప జనాన్ని ఊరికి తిప్పుకుపోతున్న మోత అది. ఆ సంగతి ఆఫీసరుకు ఎవరూ చెప్పలేదు. భర్త చెప్పబోతే లక్ష్మీనరసమ్మ అతని కాలు తొక్కింది.

ఆఫీసరు కాగితం అడిగి నిలబడే రాశాడు. ఫలితాలు అద్భుతం, కేంద్రం కొనసాగాలి, ఈశ్వరప్పను ఐదేళ్ళ దాకా కదపరాదు. ఇకపై తనిఖీలన్నీ పోస్టులో జరుగుతాయి.