తప్పిపోయినవారు: ఒక్కరు

పెద్దకడుబూరు దగ్గరి కొండల్లో ఒక మనిషి తప్పిపోయాడని జనవరి నెలాఖరున అధికారికంగా ప్రకటించారు. ఒక్కరంటే ఒక్కరే. సరిగ్గా ఆ కొండ కిందే ఉన్న బండదొడ్డిలో అదే సమయానికి నూట అరవై మంది కనిపించడం లేదు గానీ, వాళ్లు ఆ లెక్కలోకి రారు. వాళ్లు సుగ్గికి పోయారు. అంటే వాన మొహం చాటేసి పత్తి ఎండిపోయాక, పిల్లాజెల్లాతో లారీ ఎక్కి గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి పోవడం. ఇది ఏటా జరిగేదే కనుక ఇందులో సస్పెన్స్ లేదు. సస్పెన్స్ లేనివాళ్లను ఎవరూ వెతకరు.

ఊళ్లో మిగిలింది ఉచ్చీరమ్మ, ఆమె ఆరు మేకలు, ముప్ఫై ఏడు తాళంచెవులు. సుగ్గికి పోయేవాళ్లందరూ ఇంటికి బీగం వేసి చెవి ఆమె చేతిలో పెట్టి పోతారు. వాటన్నిటినీ తాడుకు గుచ్చి మెడలో వేసుకుని తిరుగుతుంది. ఆమె నడిస్తే ఊరంతా నడుస్తున్నట్టు చప్పుడు.

ఆమె కొడుకు ఈరేష్ కూడా పోయాడు. రోజూ ఫోన్ చేసే పిల్లవాడు పన్నెండు రోజులుగా చేయడం లేదు. కూలీలను తీసుకుపోయిన మేస్త్రీని అడిగితే వేరే చేనుకు మారాడన్నాడు, ఏ చేనో తెలియదన్నాడు. పోలీసుల దగ్గరికి పోతే, ఎక్కడ తప్పిపోయాడో అక్కడే ఫిర్యాదు ఇవ్వాలన్నారు. ఎక్కడో తెలిస్తే తప్పిపోవడం ఎలా అవుతుందని ఆమెకు అనిపించింది గానీ, చదువుకున్నవాళ్లు చెప్పారు కదా అని షేర్ ఆటో ఎక్కి తిరిగి వచ్చేసింది. ఆ రోజు నుంచి ఆమెకు ముద్ద దిగడం లేదు.

ఇక అధికారికంగా తప్పిపోయిన వ్యక్తి ప్రేమ్ కుమార్. ఆదోనిలో జిన్నింగ్ మిల్లు యజమానికి ఏకైక పుత్రుడు. 'ఆకలి అడవిలో ఒంటరిగా మూడు రోజులు' అనే వీడియో తీయడానికి ఎమ్మిగనూరులో బిర్యానీ పొట్లాలు కట్టించుకుని కొండెక్కాడు. చివరి వీడియోలో "ఫ్రెండ్స్, నా వెనక ఏదో ఉంది" అన్నాడు. పరపరమని చప్పుడు. అంతే. రాష్ట్రం వణికిపోయింది. వెనక ఉన్నది ఉచ్చీరమ్మ మేక. అది పొట్లం కాగితం తింటోంది.

మర్నాటికల్లా బండదొడ్డికి షామియానా వచ్చింది, మైకు వచ్చింది, ఇరవై ఏళ్లుగా రాని రోడ్డు సగం దూరం వచ్చింది. డ్రోన్ ఎగిరి, కొండ మీద రాళ్లు ఉన్నాయని నిర్ధారించింది. ప్రత్యేక గాలింపు అధికారి శివప్రసాద్ గారు మైకు అందుకున్నారు.

"ఒక్క ప్రాణం కోసం యావత్ యంత్రాంగం కదిలి రావడం మన వ్యవస్థ ఔన్నత్యం! కొండను జల్లెడ పట్టేందుకు యాభై మంది స్థానిక యువకులు ముందుకు రావాలని పిలుపునిస్తున్నాను!"

ఆరు మేకలు ముందుకు వచ్చాయి.

"మనుషులెక్కడ అవ్వా?"

"సుగ్గికి పోయినారు సారూ. నా కొడుకు కూడా పోయినాడు. పన్నెండు దినాలాయె, వాడు యాడుండాడో తెల్డు. ఇదో పోటో. వాన్ని కూడా రవంత ఎతకండప్పా."

"ఉత్తర్వుల్లో ఒక్కరే ఉన్నారవ్వా" అని శివప్రసాద్ గారు ఎంతో మర్యాదగా చెప్పి, స్థానికుల సహకారం కొరవడిందని నివేదికలో రాయించారు.

మధ్యాహ్నం ఏసీ బండిలో జాకీ అనే పోలీసు కుక్క దిగింది. అది వాసన పట్టడానికి ప్రేమ్ కుమార్ చొక్కా ఒకటి సంచిలో తెచ్చారు. భోజనాలు ముగిసేదాకా చూస్తుండమని ఆ సంచిని ఉచ్చీరమ్మకు ఇచ్చారు. ముప్ఫై ఏడు కుటుంబాలు నమ్మిన మనిషిని పోలీసులు నమ్మడంలో తప్పేమీ లేదు. ఆమె మాత్రం జీవితంలో మొదటిసారి నమ్మకం తప్పింది. సంచిలోని చొక్కా తీసేసి ఈరేష్ విడిచిన చొక్కా పెట్టింది.

జాకీ వాసన చూసింది. కొండకు వీపు తిప్పి, సుగ్గి లారీలు ఆగే చోటికి పరుగెత్తి, తూర్పుకు తిరిగి కూర్చుంది. కూలీల లారీ కనిపిస్తే చాలు, మొరిగింది. శివప్రసాద్ గారికి అంతా అర్థమైంది. కిడ్నాప్! ముఠా గుంటూరులో ఉంది! పదకొండు వాహనాలు సైరన్లతో తూర్పుకు బయలుదేరాయి.

మర్నాడు పొద్దున ఉచ్చీరమ్మ మేకలు తోలుకుని కొండెక్కితే, రెండు బండల సందులో ప్రేమ్ కుమార్ రేగుపండ్లు తింటూ కనిపించాడు. ఎలుగుబంటి ఉందన్న భయంతో దిగడం లేదట, ఫోన్‌లో చార్జింగ్ లేదట. వీడు దొరికాడని తెలిస్తే కుక్క వెనక్కి వస్తుంది. కుక్క వెనక్కి వస్తే ఈరేష్‌ను వెతికే ప్రాణి ఈ భూమ్మీద ఉండదు.

"నీ కోసం లోకమంతా ఏడుస్తాంది నాయనా."

"ఎంతమంది అవ్వా?"

"శానామంది."

"అయితే ఇంగో రెండు దినాలు దొరకను" అన్నాడు ప్రేమ్ కుమార్. ఆమె నోరు తెరిచి అడగాల్సిన అవసరమే రాలేదు. సుగ్గికి పోయిన కాశప్ప ఇంటి బీగం తీసి లోపల కూర్చోబెట్టి, జొన్నరొట్టె, గురెళ్ల కారప్పొడి పెట్టి, మళ్లీ బీగం వేసింది.

మూడో రోజు వాహనాలు తిరిగి వచ్చాయి. శివప్రసాద్ గారు మైకు ముందు నివేదిక చదివారు.

"గాలించిన ఏడో ఊళ్లో, మిరపకాయలు ఆరబెట్టే కల్లం పక్క రేకుల షెడ్డులో, కాలు విరిగి పడివున్న ఒక వ్యక్తిని జాకీ గుర్తించింది. అతని పేరు ఈరేష్. అతను ప్రేమ్ కుమార్ కాదని ఆధార్ కార్డు ద్వారా క్షుణ్ణంగా నిర్ధారించుకుని, అక్కడే వదిలి వచ్చాం."

చప్పట్లు మోగాయి. కొడుకు బతికే ఉన్నాడన్న సంతోషం, వదిలి వచ్చారన్న మంట ఒకేసారి వచ్చి, ఉచ్చీరమ్మకు ఏడవాలో తిట్టాలో తెలియలేదు. నేరుగా మైకు దగ్గరికి పోయింది.

"కాలు ఇరిగినోన్ని ఆడే ఇడిసిపెట్టి వచ్చినారా సారూ?"

"ఉత్తర్వుల్లో లేడవ్వా."

"అట్లయితే ఇనండి. మీ పిల్లోడు యాడుండాడో నాకు ఎరుక. నా కొడుకుని తెచ్చి ఈడ దింపండి, సూపిస్తా. దింపల్యా, నా నోట్లో నుంచి ఒక్క మాట రాదు."

మర్నాటి మధ్యాహ్నానికి అంబులెన్స్ వచ్చింది. "ఫోన్ లారీ సక్రం కింద పడిందిమా" అంటున్న కొడుకును ఉచ్చీరమ్మ కావలించుకుంది, తిట్టింది, ముద్దులు పెట్టుకుంది. ముప్ఫై ఏడు చెవులూ గలగలమన్నాయి. తరవాత మాట ప్రకారం కాశప్ప ఇంటి బీగం తీసింది. ప్రేమ్ కుమార్ తల దువ్వుకుంటూ బయటికి వచ్చాడు.

తుది నివేదికలో తప్పిపోయినవారు ఒక్కరు, దొరికినవారు ఒక్కరు. శివప్రసాద్ గారికి శాలువా కప్పారు. ఉత్తర్వులు లేకుండా ఒక మనిషిని కనుగొన్నందుకు జాకీకి మెమో ఇచ్చారు.

ప్రేమ్ కుమార్ కొత్త వీడియోను ఎనభై లక్షల మంది చూశారు. మీరూ చూశారు. అందులో అతను వీధి వెంట నడిచి వస్తుంటే వెనక ఒక్కొక్క తలుపూ, ఒక్కొక్క బీగమూ నిమిషం సేపు కనిపిస్తాయి. కింద పదకొండు వేల కామెంట్లున్నాయి. ఈ ఇళ్లవాళ్లంతా ఎక్కడికి పోయారని ఒక్కరూ అడగలేదు. ఆ బిర్యానీ ఏ హోటల్‌దని మాత్రం మీరు అడిగారు.