ఆకాశం బంగారం, మనుషులు బొగ్గు

ఫొటోలో ఆకాశం బంగారంలా రావాలి, మనుషులు బొగ్గులా రావాలి. కుటుంబాలు నిలబడేది ఈ ఒక్క సూత్రం మీదే!

నవ్వకండి. వెనక మెరిసే ఆకాశానికీ, ముందు చీకటిపడ్డ నేలకీ వెలుగు సరిచేసి రెంటినీ స్పష్టంగా చూపిస్తామని ఈమధ్య కొందరు బయలుదేరారు. వాళ్ల చేతుల్లో సాఫ్ట్‌వేర్లున్నాయి. వాళ్లను గుమ్మం దాటనివ్వకండి. మా గుమ్మం ఒకడు దాటేశాడు. వాడు నా బావమరిది.

వృత్తి పళ్ల వైద్యం. వారమంతా జనం నోళ్లలోకి లైటు వేసి చూసే మనిషి, సెలవు దొరికితే ఆకాశంకేసి కెమెరా పెడతాడు. పాపం, వాడికీ కాస్త గాలాడాలి కదా! ఏటా మా అత్తగారి పుట్టినరోజున ఆవిణ్ని, మా ఆవిణ్ని, నన్ను కారులో ఎక్కించి, కింద సరస్సు కనిపించే ఓ కొండ మీదికి తీసుకెళ్తాడు. కొండ అంచున అత్తగారిని మడతకుర్చీలో కూర్చోబెట్టి, మమ్మల్ని పక్కన నిలబెట్టి, సూర్యుణ్ని మా వీపుల వెనక ఉంచి, ఫొటో తీస్తాడు. పదేళ్లు, పది ఫొటోలు.

కెమెరాకు మన కంటికున్నంత పెద్దమనసు లేదు. ఆకాశానికి సరిపడా వెలుగు తీసుకుంటే నేల మసి. నేలకు సరిపడా తీసుకుంటే ఆకాశం ఉతికి ఆరేసిన దుప్పటి. రెంట్లో ఏదో ఒకటి ఎంచుకోవాలి. మావాడు క్షణం కూడా తటపటాయించలేదు. కన్నతల్లినీ, తోడబుట్టిన అక్కనూ, పిలిచి పిల్లనిచ్చి తెచ్చుకున్న బావనూ కలిపి మసి చేసేశాడు!

మధ్యలో ఒక్కసారి వాడికి మామీద జాలేసింది. మూడో ఏడు ఒక గాజుపలక తెచ్చాడు. పైసగం నలుపు, కిందిసగం తేట. లెన్సు ముందు పెడితే నల్లసగం ఆకాశం పొగరు అణుస్తుందట, తేటసగం మమ్మల్ని కాపాడుతుందట. అంతా బాగానే ఉంది. కానీ నేను ఆరడుగులవాణ్ని. నా తల ఆకాశం వాటాలోకి పోయింది. మెడ దాకా అల్లుడు, ఆపైన అంధకారం!

“బావా, కాస్త కుంగండి.”

కుంగాను.

“ఇంకాస్త.”

“ఇంకా కుంగితే సరస్సులో తేలతానురా!”

ఆ పలక మళ్లీ కనబడలేదు. నాలుగో ఏటినుంచి స్వచ్ఛమైన బొగ్గే.

ఇక లాభాలు వినండి. బొగ్గుకు గడ్డం గీసుకోనక్కర్లేదు. ఏటా అదే చొక్కా వేసుకున్నా అడిగేవాడు లేడు. “నా కళ్లు మూసుకుపోయాయి, మళ్లీ తీయి” అనే గొడవ లేదు. ఎవరు ఎవరిమీద అలిగి నిలబడ్డారో తెలియదు. అన్నింటికన్నా గొప్ప విషయం, పదేళ్లలో మాలో ఒక్కరికీ వయసు మీదపడలేదు! అత్తగారి ఆకారం మొదటి ఫొటోలో ఎలా ఉందో పదో ఫొటోలోనూ అలాగే ఉంది. ఏ క్రీము చేస్తుందండీ ఈ పని?

ఇంటికొచ్చిన చుట్టాలకు ఆల్బమ్ చూపిస్తే అందరిదీ ఒకటే మాట. “అబ్బ, ఆకాశం ఎంత బాగా వచ్చిందో!” మామీద వ్యాఖ్యలు లేవు. పోలికలు లేవు. ఒకే ఒక్కసారి ఎదురింటి లెక్కల మాస్టారు కళ్లజోడు సవరించుకొని, “ఇక్కడ మీరు ఒంటికాలిమీద నిలబడ్డారేమిటండీ?” అన్నారు.

“యోగా” అన్నాను.

ఎందుకంటే, పాఠకులారా, ఆ కాలు నాది కాదు.

మీ దగ్గర దాపరికమెందుకు? మా బావమరిది ఒక ఫొటో తీయడానికి గంట పడుతుంది. మేఘం రావాలంటాడు. వచ్చాక పోవాలంటాడు. స్టాండు మీద కెమెరా పెట్టుకొని, దాని స్క్రీనులో ఆకాశాన్ని తప్ప దేన్నీ చూడడు. “కదలకండి!” అని మాత్రం అరుస్తుంటాడు. పళ్లు పీకేటప్పటి అలవాటు. ఆ కొండ అంచున ‘ఇది దాటి వెళ్లరాదు’ అని ఒక బోర్డుంది. కచ్చితంగా నా ఎత్తు. అడ్డచెక్క కచ్చితంగా నా భుజాలంత. నాలుగో ఏడు దానికి నా కోటు తొడిగి, పైన టోపీ పెట్టి చూశాను. అచ్చం నేనే! నా కన్నా కాస్త హుందాగా కూడా ఉంది. దాన్నక్కడ నిలబెట్టి, మా ఆవిడ అటు తిరిగినప్పుడు జారుకొని, వెనకున్న క్యాంటీన్‌లో వేడివేడి టీ తాగుతూ గంట గడిపాను. “అయిపోయింది!” అన్న కేక వినగానే వచ్చి కోటు తొడుక్కున్నాను.

ఆ సాయంత్రం మావాడు కారులో ఏమన్నాడో తెలుసా?

“అమ్మా, ఫొటోకి నిలబడటమంటే బావ దగ్గర నేర్చుకోవాలి. రెప్ప కూడా కదపలేదు!”

ఇలాంటి ప్రశంస వచ్చాక మానేయడానికి మనసొప్పుతుందా? ఏడేళ్లు సాగింది. సాగేదే. పోయిన నెల వాడు లాప్‌టాప్ చంకన పెట్టుకొని మా ఇంటికి రాకపోయి ఉంటే!

“బావా, శుభవార్త! ఇంతకాలం చీకట్లో ఏమీ లేదనుకున్నాం కదా? అన్నీ ఉన్నాయి! ఆకాశాన్ని కిందికి దించి, నీడల్ని పైకి లాగితే చాలు, గుండీలతో సహా కనిపిస్తాయి. ఈసారి అమ్మకు డెబ్భయ్యో పుట్టినరోజు కదా. పోయినేటి ఫొటో ఉందే, దాన్ని తలుపంత చేయించి హాల్లో పెడతాను. అందరి మొహాలూ కనిపిస్తాయి!”

నా మొహం అప్పటికే కనిపించకుండా పోయింది.

“ఒరేయ్, నీడల్ని కదిలించకురా. కళ అంటేనే కొంత దాచడం” అన్నాను.

“మీరు మొహమాటపడకండి బావా. ప్రింటుకు ఇచ్చేశాను. నేనింకా తెరిచి చూసుకోలేదు. షాపువాణ్నే నీడలు లాగమన్నాను. అందరం ఒకేసారి చూద్దాం!”

వారం రోజులు నాకు ముద్ద దిగలేదు. పిల్లనిచ్చిన అత్తగారు, డెబ్భయ్యో ఏట ఆశగా తెర లాగితే, అల్లుడి స్థానంలో హెచ్చరిక బోర్డు! ఇక లాభం లేదని, వెళ్లి ఆవిడ కాళ్లమీద పడటానికే నిశ్చయించుకున్నాను. ఆవిడ బాల్కనీలో కూర్చొని ఏదో అల్లుతున్నారు.

“అత్తయ్యగారూ, ఆ ఫొటోలో నేను లేను” అన్నాను.

సూదులు ఆగిపోయాయి. ఆవిడ మొహంలో రంగు మారింది.

“లేకపోవడమేమిటి అల్లుడుగారూ! మీ చెవిలో చెప్పి మరీ వెళ్లాను కదా?”

“ఏం చెప్పారండీ?”

“‘నడుము పట్టేస్తోంది, కారులో కాసేపు నడుము వాలుస్తాను, వాడికి చెప్పకండి బాబూ’ అన్నాను. మీరు తలాడించారు కూడా!”

“అది గాలికండీ!”

ఎవరి గుట్టు వాళ్లం బయటపెట్టుకున్నాం. ఏడేళ్లుగా ఆవిడ తన మడతకుర్చీలో దిండు పెట్టి, దిండు మీద ఫ్లాస్కు నిలబెట్టి, పైన శాలువా కప్పి వెళ్లిపోతున్నారట! అది చూసే నేను, ‘పాపం పెద్దావిడ, ఎంత ఓపిగ్గా కూర్చున్నారో’ అని క్యాంటీన్ కిటికీలోంచి జాలిపడేవాణ్ని.

“అందుకే నాయనా, మీరంటే నాకంత గౌరవం. నోట్లో మాట బయటికి పోనివ్వరని ఊరంతా చెప్పుకున్నాను” అన్నారావిడ దిగాలుగా.

ఆఖరి ప్రయత్నంగా ఆవిడ కొడుక్కి ఫోన్ చేశారు. “ఒరేయ్, నాకు ఆకాశం చాలురా. ఈ ముసలి మొహాలెందుకు?”

అవతల వాడు పొంగిపోయాడు. “చూశావా అమ్మా, ఇప్పుడు కూడా నా ఆకాశం కోసమే ఆలోచిస్తున్నావు! ప్రింటు ఇంకో అడుగు పెంచుతాను.”

పెంచాడు!

పుట్టినరోజు నాడు హాలు నిండా జనం. లెక్కల మాస్టారు ముందు వరసలోనే కూర్చున్నారు. అత్తగారు తెర లాగారు.

ఆకాశం బంగారం. సరస్సు వెండి. నేల మీద ప్రతి గడ్డిపరకా లెక్కపెట్టుకునేంత స్పష్టం. ఎడమవైపు కుర్చీలో ఒక ఫ్లాస్కు, శాలువా కప్పుకొని. కుడివైపు గుండీలు పెట్టని నా కోటు, నా టోపీ, ఛాతీ మీద పెద్ద అక్షరాల్లో ‘ఇది దాటి వెళ్లరాదు’. ఆ రెంటి మధ్యా మా ఆవిడ! కోటు ఖాళీ చేతిలో చెయ్యి వేసి, బోర్డు భుజానికి తల ఆనించి, పళ్లన్నీ కనిపించేలా నవ్వుతోంది.

జనమంతా కుర్చీల్లోంచి ముందుకు వంగారు.

“యోగా” అన్నారు లెక్కల మాస్టారు.

నేను మా ఆవిడ దగ్గరికి జరిగాను. “నీకు... తెలుసా?”

“మొదటి ఏడే తెలుసు.”

“మరి ఒక్కమాటైనా అనలేదే!”

“ఎందుకంటానండీ? మీరైతే ఆవులిస్తారు, టైమెంతయిందంటారు, పక్కవాళ్ల ఫోన్లోకి తొంగిచూస్తారు. అది గంటసేపు కదలకుండా నా మాట వింది. ఏడేళ్లలో నా కష్టసుఖాలన్నీ దానికే చెప్పుకున్నాను.”

అత్తగారు శాలువా సర్దుకుంటున్నారు. మా బావమరిది మాత్రం ఫొటోకి ముక్కు ఆనించి, పైమూల కేసి చూస్తూ, “ఛ! మేఘం దగ్గర రంగు కాస్త తేలిపోయింది” అన్నాడు. తర్వాత మెల్లగా కిందికి చూశాడు. బోర్డు చదివాడు. ఫ్లాస్కును చూశాడు. రెండు నిమిషాలు వాడు నోరు తెరుచుకొనే ఉండిపోయాడు. వాడి పళ్లు నేను చూడటం అదే మొదలు.

తీర్పు మా ఆవిడ చెప్పింది. “ఒరేయ్, ఏడు ఫొటోలూ మళ్లీ తీయి. వారానికొకటి.”

కాబట్టి పాఠకులారా, ఇది మూడో వారం. ఈ వ్యాసం నేను కొండ అంచున నిలబడి, పెదవులు కదలకుండా, ఫోనుకు చెప్పి రాయిస్తున్నాను. వాడు కొత్తగా తెచ్చిన తళతళలాడే రేకు ఎండనంతా పోగుచేసి మా కళ్లలోకే కొడుతోంది. నేల చీకటిగా ఉండకూడదట. ఎడమవైపు అత్తగారు కుర్చీలో నన్ను పళ్లు కొరుకుతూ చూస్తున్నారు. వెనకనుంచి టీ వాసన వస్తోంది. మా ఆవిడ గంటనుంచి మాట్లాడుతోంది, నేను వింటున్నాను. మధ్యమధ్య ఆగి, “దానికైతే ఇంతసేపు చెప్పక్కర్లేకపోయేది” అంటోంది.

బోర్డు ఇక్కడే, నా పక్కనే ఉంది. కచ్చితంగా నా ఎత్తు.

కోటు మాత్రం మా ఆవిడ ఇంట్లో బీరువాలో పెట్టి తాళం వేసి వచ్చింది.