నడుమునొప్పికి ద్రాక్షపందిరి

పొద్దున లేవగానే స్వరూప చేసే మొదటి పని టీ పెట్టడం. ఆ టీని వేడిగా తాగడం మాత్రం పెళ్ళయిన నాటి నుంచి ఆమెకు కుదరలేదు. గ్లాసు చేతిలోకి తీసుకునేసరికి బర్రె అరుస్తుంది, లేకపోతే అత్త కిష్టమ్మ పిలుస్తుంది, అదీ కాకపోతే కుట్టడానికి జాకెట్టు ఇచ్చిన మనిషెవరో వాకిట్లో నిలబడి ఉంటుంది. పైగా పాన్‌గల్‌లో వాళ్ళ ఇల్లు బస్టాండుకు పోయే దారిలోనే ఉంది. బస్సు తప్పిపోయిన చుట్టాలందరికీ అదే విడిది.

ఆ రోజు కూడా చల్లారిన టీని ఒక్క గుక్కలో మింగి కుట్టుమిషను ముందు కూర్చుంది. అప్పుడు భర్త విజయ్ దగ్గరికొచ్చి గొంతు తగ్గించి అసలు సంగతి చెప్పాడు.

"నరేందర్ లేడూ, పుణెల నాతోని వెల్డింగ్ జేసినోడు. తెలకపల్లి కాడ ద్రాక్షతోట పెట్టిండు. వైన్ జేసే ద్రాక్షనట. తోటల రెండు రూములు గూడ కట్టిండు. పట్నమోళ్ళు వచ్చి రెండ్రోజులుండి పోతుండ్రంట. మనల్ని గూడ రమ్మంటుండు."

"ఆడికి పోయి ఏం జెయ్యాలె?"

"ఏం జెయ్యొద్దు. గదే పని."

స్వరూప కత్తెర పక్కన పెట్టింది. "మరి టీ?"

"కూసున్న కాడికి వాడే తెచ్చిస్తడు."

బిడ్డ గురుకులం హాస్టల్లో ఉంది కనుక ఆ బెంగ లేదు. చిక్కల్లా ఇంట్లో చెప్పడం దగ్గరే వచ్చింది. విజయ్ తల్లిదండ్రులు కిష్టమ్మ, మాసయ్య సగం జీవితం బొంబాయిలో మట్టి మోసి వచ్చినవాళ్ళు. ఆ ఇంట్లో పనికి పోతామని చెప్పొచ్చు, పెళ్ళికో చావుకో పోతామని చెప్పొచ్చు. ఊరికే కూర్చోవడానికి పోతామని చెప్పడానికి మాత్రం ఎవరికీ నోరు రాదు. ఇక మిగిలింది రోగం ఒక్కటే. విజయ్ ఆలోచించి నడుమును ఎంచుకున్నాడు.

"నడుము నొస్తుందమ్మా. పట్నంల పెద్ద దవాఖానల సూపిచ్చుకుంట. రెండ్రోజులు ఉండాల్నంట."

"వంగి వంగి వెల్డింగు జేస్తే నొయ్యదా మరి. పొండ్రి. బర్రెలను నేను సూస్కుంట," అంది కిష్టమ్మ. అంతటితో ఊరుకోకుండా కొడుక్కి దిష్టి కూడా తీసింది. అది చూసి స్వరూపకు సిగ్గేసింది. సిగ్గేసింది కదా అని ఆగిపోలేదు, బస్సెక్కింది.

తోట చేరగానే ఇద్దరూ చేసిన మొదటి పని ఫోన్లు ఆపెయ్యడం. మొత్తం కొంప ముంచింది అదే.

సాయంత్రం కిష్టమ్మ కొడుక్కి ఫోన్ చేస్తే స్విచాఫ్ అని వచ్చింది. కోడలికి చేస్తే అదే మాట. పక్కింటి మౌలాబీకి ఈ పరేషానంతా చెప్పుకుంది. మౌలాబీ దవాఖానల సంగతులు కొద్దో గొప్పో తెలిసిన మనిషి. నిదానంగా ఆలోచించి చెప్పింది.

"ఆపరేషన్ జేసేటప్పుడే ఫోన్లు బందు వెట్టిస్తరు కిష్టక్కా."

మాసయ్య ఆ మాట పట్టుకొని బల్మూర్‌లో ఉన్న అక్క జములమ్మకు ఫోన్ కలిపాడు. "పోరనికి నడుము ఆపరేషన్ అయితుందక్కా."

"నడుమంటే ఎన్నుపూస గదరా," అని జములమ్మ అటువైపు నుంచి శోకం మొదలుపెట్టింది. "నా అల్లుడు మల్ల లేసి నడుస్తడో లేదో."

ఈ కబురు బొంబాయిలో ఉన్న విజయ్ తమ్ముడు వినయ్‌కు చేరేసరికి అన్నకు రెండు కాళ్ళూ పడిపోయాయి. తోటలో ఆ రెండు కాళ్ళూ కుర్చీ మీద చాపుకొని విజయ్ పిట్టల్ని చూస్తున్నాడు.

తెల్లారగానే మౌలాబీ కొడుకు పర్వేజ్ జీపు వాకిట్లోకి వచ్చింది. ఒక్కపూటకు బర్రెల్ని మౌలాబీకి అప్పజెప్పి, కిష్టమ్మ, మాసయ్య, వాళ్ళ వెంట వాడకట్టులోని చుట్టాలంతా ఎక్కారు. ప్రతి ఒక్కరి చేతిలో ఒక బ్రెడ్డు ప్యాకెట్టు ఉంది. రోగిని చూడబోతూ బ్రెడ్డు తీసుకుపోకపోతే ఎలా? హైదరాబాదు ఒక దిక్కు, బల్మూర్ ఇంకో దిక్కు. అయినా జీపు ముందు బల్మూర్‌కే పోయింది. జములమ్మను ఎక్కించుకోకుండా పోతే ఆమె ఈ జన్మలో తమ్ముడి గడప తొక్కదు.

జములమ్మ ఎక్కీ ఎక్కగానే అందరి చేతుల వైపూ చూసింది. "ఉత్త బ్రెడ్డు వట్టుకొని పోతరా దవాఖానకు? ఒక్క పండన్న లేకపాయె. నలుగురు సూస్తే నవ్వరా?"

ఆ పండ్ల కోసం పర్వేజ్ దారి పొడుగునా చూస్తూ పోయాడు. తెలకపల్లి దాటాక రోడ్డు పక్కన నిండుగా కాసిన ద్రాక్షపందిరి కనబడింది. జీపును నేరుగా గేటు లోపలికి పోనిచ్చాడు.

నిన్న పాలు దొరకక పెట్టలేకపోయిన టీని, సరిగ్గా అప్పుడే పందిరి కింద కూర్చున్న స్వరూపకు నరేందర్ తెస్తున్నాడు. గ్లాసు మీద నుంచి పొగలు లేస్తున్నాయి. ఆమె చెయ్యి చాపింది కూడా. ఇంతలో జీపులో నుంచి అత్త దిగింది, మామ దిగాడు, వాడకట్టంతా దిగింది. చాపిన చెయ్యి అలాగే ఉండిపోయింది.

విజయ్ లేచి పరుగెత్తుదామనుకున్నాడు. నడుము పోయినవాడు పరుగెత్తితే బాగుండదని గుర్తొచ్చి, మళ్ళీ కూర్చొని ఓ మూలుగు మూలిగాడు.

"నువ్వు గీడున్నవేందిరా?" అంది కిష్టమ్మ. "దవాఖానంటివి?"

"గిదే దవాఖాననమ్మా. కోసుడుండదు, సూదులుండయి. చెట్ల కింద కూసోవెట్టి నయం జేస్తరు."

జములమ్మ కళ్ళు తుడుచుకొని, మేనల్లుడికి రెండు కాళ్ళూ కదులుతున్నాయని నిర్ధారించుకుంది. తర్వాత టీ పట్టుకొని కొయ్యబారిన నరేందర్ వైపు తిరిగింది. "ఈయననా డాక్టరు సాబు?"

నరేందర్ విజయ్ వైపు చూశాడు. విజయ్ కళ్ళతోనే కాళ్ళు మొక్కాడు. నరేందర్ మంచివాడు. "అవునమ్మా," అన్నాడు.

అంతే, చుట్టూ మూగారు. జములమ్మకు మోకాళ్ళు, మాసయ్యకు భుజం, మిగతావాళ్ళకు అప్పటిదాకా లేని నొప్పులు కూడా గుర్తుకొచ్చాయి. జములమ్మ ఆగలేక పందిరికి వేలాడే గుత్తిలో నుంచి ఒక పండు తెంపి నోట్లో వేసుకుంది. వైన్‌కు వేసే ద్రాక్ష అది. మందపాటి తోలు, నోటి నిండా గింజలు, పైగా వగరు. ఆమె ముఖం ముడుచుకుపోయింది. "మందే," అని అందరికీ చెప్పింది. దాంతో మిగిలిన కాస్త అనుమానమూ తీరిపోయింది.

"ముందుగాల అందరు కూసోండ్రి. కాళ్ళు సాపుండ్రి. ఎవ్వలు లేవొద్దు," అన్నాడు నరేందర్. చేతిలో ఉన్న టీని ఎదురుగా ఉన్న కిష్టమ్మకు అందించాడు.

కిష్టమ్మ గ్లాసు పట్టుకొని అటూ ఇటూ చూసింది. "ఎవలికియ్యాలె?"

"నీకే అమ్మా. నువ్వే తాగాలె."

ఆమె కుర్చీ అంచున కూర్చొని చిన్న గుక్క తాగింది. కాసేపు గ్లాసు వైపు చూస్తూ ఉండిపోయింది. "ఎంత వేడిగుంది," అంది.

అత్త కూడా ఇన్నేళ్ళూ చల్లారిన టీయే తాగిందన్న సంగతి స్వరూపకు అప్పుడే తట్టింది. తన టీ పోయినందుకు ఆ క్షణంలో ఆమెకు ఏమాత్రం బాధ కలగలేదు.

గ్లాసు ఖాళీ అయ్యాక కిష్టమ్మ కుర్చీలో వెనక్కి వాలింది. "మాకు గూడ రెండ్రోజులు జెయ్యి డాక్టరు. విజయ్ నడుము మంచిగయింది గద, ఆళ్ళిద్దరు ఇంటికి పోయి బర్రెలను సూస్కుంటరు."

చుట్టాలెవరూ కాదనలేదు. అప్పటికే చాలామంది చెప్పులు విప్పేశారు.

బయల్దేరేముందు కిష్టమ్మ కోడల్ని దగ్గరికి పిలిచింది. "గా డాక్టరు చేతులకు మా విజయ్‌కున్నట్లే వెల్డింగు మచ్చలున్నయి బిడ్డ."

స్వరూప తల దించుకుంది.

"మల్లొకపారి పోవాలంటే నిజమే జెప్పుండ్రి. నేనేమన్న వద్దంటనా?" అని కిష్టమ్మ గొంతు తగ్గించింది. "మా వదినెకు మాత్రం గీ సంగతి చెప్పకు. ఇప్పుడిప్పుడే మోకాళ్ళ నొప్పులు తగ్గుతున్నయంటుంది."

తిరుగు ప్రయాణంలో పర్వేజ్ వెనక అంత జీపులో విజయ్, స్వరూప, బ్రెడ్డు ప్యాకెట్లూ మిగిలారు. ఇల్లు చేరేసరికి వాకిలి ఖాళీగా ఉంది. అత్త లేదు, మామ లేడు, రావలసిన చుట్టాలంతా తెలకపల్లిలో కాళ్ళు చాపుకొని ఉన్నారు. స్వరూప తలుపు దగ్గరే నిలబడి ఆ నిశ్శబ్దాన్ని కాసేపు విన్నది. ఇంట్లోనే దొరికే ఇలాంటి విడిది కోసమా మనం అంత దూరం పోయింది అనుకొని ఆమెకు నవ్వొచ్చింది. పొయ్యి వెలిగించి టీ పెట్టింది.

విజయ్ ఉత్సాహం పట్టలేక, అది మరిగేలోపు బర్రెలకు మేత వేసి వస్తానని పెరట్లోకి పోయాడు. గడ్డిమోపు ఎత్తాడు. నడుములో ఏదో కలుక్కుమంది. గోడ పట్టుకొని ఒక్కో అడుగూ వేసుకుంటూ వచ్చి మంచం మీద బోర్లా పడ్డాడు. "ఈసారి నిజంగనే వట్టింది స్వరూపా. అమ్మకు ఫోన్ జెయ్యనా?"

"ఊకో. మల్ల అందరు జీపు కట్టుకొని వస్తరు," అంది స్వరూప.

అంతలో బొంబాయి నుంచి వినయ్ ఫోన్ చేశాడు. "వదినా, అన్నకు ఎట్లుంది?"

"పూర్తిగ నయమైంది," అని చెప్పి స్వరూప, మూలుగుతున్న మొగుడి నోట్లో ఒక బ్రెడ్డు ముక్క కుక్కి, వేడి వేడి టీ గుక్క తాగింది.