గవర్నరు గారికి నచ్చిన పంట

"సోయా వేస్తే మనకు మూడినట్టే" అన్నాను నేను.

అప్పటికి ఎవరూ ఏమీ వేయలేదు. మార్చి నెల. గట్ల నీడన మంచు ఇంకా కరగలేదు. మా అమ్మాయి టెస్సా కాఫీ తాగుతూ విత్తనాల పుస్తకం తెరిచింది, ఆ పేజీలో సోయా బొమ్మ ఉంది, అంతే. కీడెంచి మేలెంచమన్నారు పెద్దలు. నేను మొదటి సగం తప్పకుండా చేస్తాను. రెండో సగానికి తీరిక దొరకదు.

టెస్సా పుస్తకం మూసి వాళ్ళ నాన్నను సూటిగా అడిగింది. "నాన్నా, వాగు పక్క పొలం నాకొదిలెయ్యి. ఏ ఏడు ఏం వెయ్యాలో నేను చూసుకుంటా."

మా ఆయన వెర్లిన్ రొట్టెకు వెన్న రాసుకున్నాడు. అంచుల దాకా రాశాడు. జవాబు మాత్రం చెప్పలేదు. ఇందులో విశేషమేమీ లేదు. పడమటి ఇలినాయ్‌లో మా మగవాళ్ళు మాటను విత్తనంలాగా అదును చూసి వాడతారు. నన్ను పెళ్ళి చేసుకుంటావా అని నేను ఆయన్ను జూన్ మొదట్లో అడిగాను. గడ్డి కోతలయ్యాక ఔనన్నాడు. ఈలోగా నేను చిక్కి సగమయ్యాను.

ఆ వాగు పక్క పొలాన్ని ఎనిమిదేళ్ళ నుంచి షికాగో పళ్ళ డాక్టరు హాలరన్ గారు కౌలుకు తీసుకున్నారు. దున్నడానికి కాదు. దున్నేది, విత్తేది, కోసేది మేమే. ఆయన తీసుకున్నది నవంబరులో ఇద్దరు స్నేహితులతో వచ్చి, మా ఇంట్లో దిగి, చెట్ల మీద మంచెలెక్కి కూర్చుని, కింద నడిచే జింకను కాల్చే హక్కు. పంటను కాపాడడానికి మంచె కట్టడం పాత పద్ధతి. మంచె బాగుండాలని పంట వేయడం అభివృద్ధి.

మొదటి ఏడు ఆయన కోరింది చాలా చిన్న కోరిక. మొక్కజొన్న వేయండి చాలన్నారు. జింకకు మొక్కజొన్నంటే ప్రాణం. మా రాష్ట్రంలో ఒక చట్టం ఉంది. వేట కోసం బస్తా విప్పి గింజలు నేలమీద పోస్తే నేరం. అదే గింజ కంకిలో నిలబడి ఉంటే వ్యవసాయం. డాక్టరు గారు చట్టాన్ని గౌరవించే మనిషి కనుక గింజలను నిలబెట్టమన్నారు. నిలబెట్టాం. తర్వాతి ఏడు, కోతప్పుడు మంచెల చుట్టూ కొన్ని వరసలు వదిలేయమన్నారు. వదిలేశాం. జింకకు ముక్కు చురుకు కాబట్టి నవంబరులో వాసన సబ్బుతో ఉతికిన దుప్పట్లు ఆరుబయట వేయవద్దన్నారు, గాలి పొలం వైపు తిరిగితే ఉల్లిపాయలు వేయించవద్దన్నారు. గాలి ఎటు తిరుగుతుందో నాకెలా తెలుస్తుంది? ఉల్లిపాయలు కొనడమే మానేశాను. డాక్టరు గారు మాత్రం మంచె మీద చుట్ట కాలుస్తారు. అది అడవి వాసనలో కలిసిపోతుందట.

ఆ తర్వాత చెట్లకు కెమెరాలు కట్టారు. షికాగోలో ఎవరి పన్నో పీకుతూ కూడా ఆయన మా పొలాన్ని ఫోనులో చూసుకోవచ్చు. అప్పటి నుంచి నేను తల దువ్వుకోకుండా కోళ్ళ దగ్గరికి వెళ్ళింది లేదు.

ఆ కెమెరాల్లోనే గవర్నరు గారు దొరికారు. గవర్నరంటే పన్నెండు మొనల కొమ్ములున్న మగజింక. ఆ పేరు పెట్టింది డాక్టరు గారే. దాని వయసెంత, తల్లి ఎవరు, ఎడమ చెవి మీద గాటు ఎలా పడింది, అన్నీ ఆయనకు కంఠతా వచ్చు. నాలుగేళ్ళుగా దాన్ని కాల్చాలని వస్తున్నారు, దాని పుట్టినరోజుకు మాకు ఫోను కూడా చేస్తారు. మా టెస్సాను మాత్రం ఇప్పటికీ "మీ అమ్మాయి" అంటారు. పేరు నాలుక చివరే ఉందంటారు.

ఏటా అదే పంట వేస్తే వేరుపురుగుకు విస్తరి వేసి పిలిచినట్టే. అది తీరిగ్గా కూర్చుని తింది. ఎనిమిదేళ్ళకు మా మొక్కజొన్న వేళ్ళు తెగి, చిన్న గాలికే కంకులతో సహా పడుకోవడం మొదలుపెట్టింది. డాక్టరు గారు సంతోషించారు. గవర్నరు గారికి మెడ ఎత్తే శ్రమ తప్పిందన్నారు.

టెస్సా కాలేజీలో మట్టి గురించి చదివింది. మట్టి గురించి చదవడానికి ఏముంటుందని నేను అప్పుడే భయపడ్డాను. ఈ ఏడు మొక్కజొన్న, వచ్చే ఏడు సోయా, ఆపైన గోధుమ, ఇలా మార్చి మార్చి వేస్తేనే నేల బతుకుతుందని దాని వాదం. ఏప్రిల్ వచ్చింది, మే వచ్చింది, వెర్లిన్ నోరు విప్పలేదు. మౌనం అర్ధాంగీకారం అంటారు కదా. టెస్సా న్యాయంగా సగం పొలంలో సోయా వేసింది. మిగతా సగంలో వాళ్ళ నాన్న మొక్కజొన్న వేశాడు. ఇద్దరూ ఒకే ట్రాక్టరు మీద, ఒకరి తర్వాత ఒకరు, గొడవ లేకుండా.

మొలకలొచ్చిన వారానికి ఫోను మోగింది.

"నాదీన్ గారూ, కెమెరాలో ఏదో గుండ్రని ఆకు కనిపిస్తోందండీ."

"సోయా అండీ."

"మన పొలంలోనేనా?"

నేను ఫోను వెర్లిన్‌కు ఇచ్చాను. ఆయన కాసేపు విని, పెట్టేశాడు. మర్నాడు డాక్టరు గారు స్వయంగా ఐదు గంటలు కారు నడుపుకుంటూ వచ్చి, మా కొట్టం ముందు నిలబడి ప్రసంగించారు.

"మిత్రులారా, వ్యవసాయం మీ సొంత విషయం. అందులో నేనెన్నడూ వేలు పెట్టను. కానీ ఒక్కటి అడుగుతున్నాను. ప్రకృతి ఏం కోరుతోంది? ఈ నేల, ఈ వాగు, ఈ మూగజీవాలు మనల్ని ఏ పంట అడుగుతున్నాయి? మీ లాభం కోసం వాటి నోటి దగ్గర కూడు తీయడం ధర్మమా? నేను వేటగాణ్ణి కాను, సంరక్షకుణ్ణి."

వినడానికి వాటి తరఫున మా కుక్క ఒక్కటే వచ్చింది. చివరిదాకా కూర్చుంది.

జూన్‌లో లేత సోయా ఆకు రుచి గవర్నరు గారికి తెలిసింది. బంధువర్గంతో సహా దిగి, మంచెల వైపు వరసలన్నీ మొదలంటా మేశారు. డాక్టరు గారు తమ అభిప్రాయం సవరించుకున్నారు. సోయాయే రేపటి పంట అన్నారు, మీ అమ్మాయి వందేళ్ళు ముందున్న మనిషి అన్నారు, పేరేమిటి అన్నారు. నష్టం సంగతి నేను కదిపితే, "అది నష్టం కాదు నాదీన్ గారూ, ఆతిథ్యం" అని సర్దిచెప్పారు.

ఆగస్టులో పియోరియా విత్తనాల కంపెనీ టెస్సాను ఉద్యోగానికి పిలిచింది. నవంబరులో తుపాకి వేట తొలి విడత ముగిసిన మర్నాడు, సోమవారానికల్లా, వస్తుందో రాదో చెప్పాలి. టెస్సా ఆ ఉత్తరం వాళ్ళ నాన్న కంచం పక్కన పెట్టింది.

"ఔనంటే ఉంటా, కాదంటే పోతా. ఏదో ఒకటి అను నాన్నా."

ఆయన ఉత్తరం చదివి, మడిచి, కళ్ళజోడు పెట్టెలో దాచుకున్నాడు. పియోరియాలో నది మీద పెద్ద పెద్ద వంతెనలున్నాయి. కూలని వంతెన ఇంకా ఎవరూ కట్టలేదు కనుక నాకు ఆ నెల నిద్ర లేదు.

సెప్టెంబరులో సోయా ఆకు పసుపెక్కింది. డాక్టరు గారు టెస్సాకు ఫోను చేశారు.

"అమ్మాయ్, నవంబరు దాకా పచ్చగా ఉంచలేవా? నీళ్ళు పెడితే?"

"పంటన్నాక పండుతుంది డాక్టరు గారూ. పండకపోతే దాన్ని ఇంటి ముందు పచ్చిక అంటారు."

ఆకు ఎండగానే గవర్నరు గారు పరివారంతో రోడ్డు దాటి ఎల్డోరా పిన్ని మొక్కజొన్నలోకి మకాం మార్చారు. మా సగం మొక్కజొన్న పడిపోతోందని వెర్లిన్ అక్టోబరులోనే కోసేశాడు. ఎల్డోరా చేను మాత్రం సైనికుల్లా నిలబడి ఉంది. వేట మొదలయ్యే శుక్రవారం పొద్దున ఆమె కోత పెట్టుకుంటే జింకలు బెదిరి మా వైపు వస్తాయని, ఇది రెండు కుటుంబాల స్నేహానికి సంబంధించిన విషయమని డాక్టరు గారు నన్ను రాయబారానికి పంపారు.

"శుక్రవారమే ఎందుకే నాదీన్?" అంది ఎల్డోరా.

"గవర్నరు బయటికి రావాలట పిన్నీ."

"రాజీనామా చెయ్యమను. నా చేనుకి తొందరేముంది? ఏడు విడిచి ఏడు వేస్తాను కాబట్టి నిటారుగా ఉంది. మీది చాపలా పరుచుకుంటే మీరు చుట్టేసుకున్నారు. ఆ పళ్ళాయన నా కట్టుడుపళ్ళు ఊరికే సరిచేస్తానంటే అప్పుడు చూద్దాంలే."

ఈ మాట చేరవేశాను. డాక్టరు గారు రెండు రోజులు ఆలోచించి, అది లంచం కిందికి వస్తుందని వదులుకున్నారు.

వేట వచ్చింది. ఆ మూడు రోజులు నేను అందరికీ నారింజ రంగు చొక్కాలు తొడుగుతాను. జింకల్లో నారింజ రంగువి ఉండవని వేటగాళ్ళకు తెలుసట. ఈసారి మనుషులతో ఆగలేదు. కుక్కకు, ఆవులకు, రోడ్డు పక్క గుంజ మీదున్న ఉత్తరాల డబ్బాకు కూడా కట్టాను. ఉత్తరాల డబ్బాకు ఎందుకని టెస్సా అడిగింది. దానికి నాలుగు కాళ్ళు లేకపోయినా ఒకటుంది కదా అన్నాను.

శుక్రవారం, శనివారం ముగ్గురు పెద్దమనుషులు మంచెల మీద కూర్చుని, కోసిన సోయా మోళ్ళను తుపాకులతో కాపలా కాశారు. రోడ్డుకు అవతల గవర్నరు గారు ఎల్డోరా కంకులు నములుతున్నారు. శనివారం సాయంత్రం డాక్టరు గారు కొత్త కౌలు కాగితం తెచ్చి మా వంటింటి బల్లమీద పెట్టారు. ఐదేళ్ళు, మొత్తం పొలం, మొక్కజొన్న మాత్రమే. ఆదివారం సంతకం కావాలన్నారు. వెర్లిన్ కాగితం మీద ఉప్పు సీసా పెట్టాడు, ఎగిరిపోకుండా.

సంతకం పెడితే టెస్సా పోతుంది. పెట్టకపోతే డాక్టరు గారు పోతారు. ఎవరు పోయినా ఇంట్లో ఏదో ఒక మంచం ఖాళీ అవుతుంది, ఏ మంచమో ఈయన చెప్పడు.

ఆదివారం పొద్దున నాకు విసుగొచ్చింది. జింకలు ఎటూ ఎల్డోరా దగ్గరే ఉన్నాయి కదా అని, వాసన సబ్బుతో దుప్పట్లన్నీ ఉతికి ఆరేశాను. పంది మాంసంలోకి ఎల్డోరా ఇచ్చిన ఉల్లిపాయలు తరిగి బాణలి నిండా వేయించాను. ఎనిమిదేళ్ళ తర్వాత ఇల్లు ఇల్లులా ఉంది.

కిటికీలోంచి చూద్దును కదా, నా కూరల మడిలో గవర్నరు గారు నిలబడి ఉన్నారు. మల్లెపూల సబ్బు వాసన కొడుతున్న దుప్పటి ఒకటి కొమ్ములకు తగులుతోంది. దాన్ని పక్కకు నెట్టి, నా క్యాబేజీ తింటున్నారు.

ఫోను మోగింది. టెస్సా దాన్ని బల్లమీద పెట్టి, అందరికీ వినిపించేలా నొక్కింది. డాక్టరు గారు మంచె మీంచి గుసగుసలాడుతున్నారు.

"వెర్లిన్ గారూ, నాకు కనిపిస్తున్నాడు. ఇంటికి దగ్గరగా కాల్చాలంటే ఇంటివాళ్ళ అనుమతి కావాలి. మీరు ఊఁ అంటే చాలు."

వెర్లిన్ కిటికీలోంచి జింకను చూశాడు. నేను పళ్ళేలు తీసుకుని, గుండు తగలకుండా బల్లకిందికి చేరాను.

"ఆగండాగండి. ఏం తింటున్నాడు? క్యాబేజీ కదూ? నాలుగేళ్ళు ఈ రహస్యం మనకు తెలియలేదు చూశారా. మిత్రులారా, క్యాబేజీయే రేపటి పంట. ఆ కాగితంలో మొక్కజొన్న కొట్టేసి క్యాబేజీ రాయండి. పొలమంతా క్యాబేజీ. ప్రకృతి స్వయంగా వచ్చి తన కోరిక చెప్పింది. మనం వినాలి. ఏమంటారు వెర్లిన్ గారూ?"

ప్రకృతి మాట వినాలని ఆయన చెబుతుండగా గవర్నరు గారు భోజనం ముగించి, రోడ్డు దాటి, ఎల్డోరా చేనులోకి వెళ్ళిపోయారు. డాక్టరు గారు గమనించినట్టు లేదు. "ఏమంటారు?" అని మళ్ళీ అడిగారు. నేను బల్ల కింది నుంచి బయటికొచ్చాను. టెస్సా సింకు దగ్గర కాఫీ కప్పు పట్టుకుని నిలబడి ఉంది. కాఫీ చల్లారిపోయినా దించడం లేదు. ఉల్లిపాయలు మాడుతున్నాయి. ఎవరూ కదలలేదు.

మీకిది నవ్వులాటగా ఉండవచ్చు. నవ్వండి. ఏం వేయాలో పొలంలో దిగనివాళ్ళు చెప్పడం, దిగినవాళ్ళు వంటింట్లో కూర్చుని ఫోనుకు తలూపడం మా ఒక్క ఇంట్లోనే ఉందని మీరనుకుంటే, మీరు అదృష్టవంతులన్నా కావాలి, ఆ ఫోనుకు అవతల ఉన్నవాళ్ళన్నా కావాలి.

వెర్లిన్ ఉప్పు సీసా జరిపి, కాగితం మడిచి, ఊగుతున్న బల్ల పొట్టి కాలి కింద పెట్టాడు. ఊపి చూశాడు. కదలలేదు. అప్పుడు ఫోను వైపు వంగాడు.

"డాక్టరు గారూ, మీకంటే ముందు మా అమ్మాయి అడిగింది. మార్చిలో." టెస్సా వైపు తిరిగాడు. "ఔనమ్మా. ఆ పొలం నీదే. నీకు తోచింది వేసుకో."

ఫోను, "మరి నా సంగతి?" అంది.

"గడ్డి కోతలయ్యాక చెబుతా."