అనాథను అనాథగానే ఉండనివ్వండి!

ఇలా దగ్గరికి జరగండి, కోప్పడకుండా వినండి. మన సెగెద్ ఊరి ల్యాబుల్లోని అనాథకు అయినవాళ్ళు దొరక్కపోవడమే లోకానికి మేలు!

అనాథంటే పసిబిడ్డ కాదు. ఒంట్లోని కణాల లోపల, జన్యువుల పక్కనే కూర్చుని "నువ్వు పని చెయ్యి, నువ్వు ఆగు" అని పెత్తనం చేసే ఓ ప్రోటీను. దానికి సరిపడే పదార్థమేదో వచ్చి తాకితేనే లేస్తుందట. ఆ పదార్థమేదో ఎవరికీ తెలియదు, అందుకే అనాథ. మా చెల్లెలు పిరోష్కా కాలేయంలో అది మొద్దునిద్ర పోతోంది. పిత్తం అదుపు తప్పి పిచ్చి దురద. పాపం, చెక్క గరిటెతో వీపు గోక్కుంటోంది. దాన్ని నిద్రలేపితేనే మందు.

మరి వెతకడం లేదా? ఎందుకు లేదూ! ఒకే కారిడారులో ఈ చివర మా మనవరాలు బొరోకా వాళ్ళ ల్యాబు, ఆ చివర ప్రొఫెసర్ వార్కొని ల్యాబు. ఇద్దరూ దాని కోసమే! కాఫీ దగ్గర ఎదురుపడితే మాత్రం వానల గురించే మాట్లాడుకుంటారు. అనాథకు ఈ చివర ఒక పేరు, ఆ చివర ఇంకో పేరు. మన క్యాలెండరులో ఒక్కో పేరుకు ఒక్కో రోజు, ఆ పేరున్నవాళ్ళకు ఏడాదికి ఆ ఒక్క పేరు పండుగే కదా, దానికి రెండు! అదృష్టం కాదూ?

మొన్న బొరోకా పేరు పండుగకు జున్ను పొగాచాలు, అవే చిన్న ఉప్పు రొట్టెలు, కాల్చి రెండు చివర్లా పంచాను.

"అమ్మమ్మా, అటు ఏం చేస్తున్నారే?" అంది బొరోకా గుసగుసగా.

"కొవ్వు పదార్థాలన్నీ రెండేళ్ళ కిందటే అనాథకు తాకించి చూశారట. ఒక్కటీ పనికిరాలేదట."

పిల్ల నోట్లో పొగాచా అలాగే ఉండిపోయింది. "అయ్యో! పోయిన చలికాలమంతా మేమూ అవే చేసి పారేశాం కదే!"

నేను వార్కొని దగ్గరికి పోయాను. "ఏం నాయనా, పనికిరాలేదని అప్పుడే ఒక్క మాట చెబితే ఏం పోయేది?"

"తప్పినవి ఎవరైనా చెప్పుకుంటారా ఎతెల్కా గారూ? నవ్వుతారు!"

నిజమే! ఎంత గొప్ప పద్ధతి! ఒకే తప్పు రెండుసార్లు, రెండు తలుపుల వెనక, ఎవరి పరువూ పోకుండా! పోయిందల్లా పిరోష్కాకు ఒక చలికాలం. దానికేం, గోక్కుంటుంది.

ఎకసెక్కం చాలు, ఈ మాట గుర్తుంచుకోండి. ఆ కారిడారులో ఎవరు కనబడినా ఆ చివర విన్నది ఈ చివర చెప్పండి, ముఖ్యంగా తప్పిన సంగతులు. గెలిచినవి వాళ్ళే చెప్పుకుంటారు.